కో-వర్కింగ్ ఆఫీసు తలుపు: మిషన్ కొనేముందు తేల్చుకోవాల్సిన సంగతులు

క్లుప్తంగా

కో-వర్కింగ్ ఆఫీసుకు, అంటే సీట్ల లెక్కన అద్దెకిచ్చే ఉమ్మడి ఆఫీసుకు, యాక్సెస్ కంట్రోల్ (ఎవరిని లోపలికి రానివ్వాలో చూసుకునే ఎలక్ట్రానిక్ తలుపు ఏర్పాటు) పెట్టాలనుకోగానే మాట నేరుగా ఫేస్ మిషనా, కార్డు మిషనా అన్నదాని మీదికి పోతుంది. తలుపు పనితీరు మాత్రం వేరే మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. కరెంటు పోయినప్పుడు లాక్ ఏమవుతుంది, లోపలున్న మనిషి ఎవర్నీ అడక్కుండా బయటికి రాగలడా, సీటు ఖాళీ చేసినవాళ్ల ప్రవేశం అదే రోజు ఆగిపోతుందా. వీటికి జవాబులు దొరికాక మిషన్ ఎంపిక తేలిక. రాయలసీమ ఊళ్లలో ఎండ, కరెంటు, అద్దె భవనాల కింది షట్టర్లు ఈ జవాబుల్ని ఇంకొంచెం మారుస్తాయి.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకొచ్చింది

అనంతపురం, కర్నూలు, కడపల్లో మొన్నమొన్నటిదాకా ఆఫీసు అంటే ఒక యజమాని, ఒక తాళంచెవి, పొద్దున తీసి రాత్రి వేసే ఒక మనిషి. ఇప్పుడు ఒకే హాల్లో బెంగళూరు కంపెనీకి ఇక్కణ్ణుంచే పనిచేసే ఇంజనీరు, పక్క సీట్లో జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంటు, ఆ మూలన ముగ్గురు నలుగురు కలిసి మొదలుపెట్టిన చిన్న కంపెనీ, అమెరికా టైముకు రాత్రి తొమ్మిదికి వచ్చి తెల్లారి ఇంటికి పోయేవాళ్లు కూర్చుంటున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2024–29 కాలానికి తెచ్చిన ఐటీ, జీసీసీ (పెద్ద కంపెనీలు ఇక్కడ పెట్టుకునే సొంత కేంద్రాలు) పాలసీ 4.0 ఇలాంటి ఉమ్మడి ఆఫీసు స్థలాలను ప్రోత్సహిస్తోంది. స్టార్టప్‌లకు తోడ్పడేందుకు 2025 ఆగస్టులో మొదలైన రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్‌కు అనంతపురంలో కూడా ఒక కేంద్రం ఉంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్ల కోసం పెట్టే స్టడీ హాళ్లను కూడా కలుపుకుంటే, ఒకరికొకరు తెలియని మనుషులు ఒకే తలుపు వాడుకునే చోట్లు ఊళ్లో చాలానే అవుతాయి.

ఇంతమందికి తాళంచెవులు చేయించి ఇవ్వడం కుదరదు, ఇచ్చినా ఖాళీ చేసేటప్పుడు ఎన్ని తిరిగొచ్చాయో, ఎన్నింటికి డూప్లికేట్లు తీయించారో తెలియదు. అందుకని ఎలక్ట్రానిక్ లాక్ తప్పనిసరి అవుతోంది. వీటిని ఊళ్లో అమ్మి బిగించేది ఎక్కువగా సీసీ కెమెరాల షాపులే. కొటేషన్‌లో మిషన్ పేరు, ధర పెద్దక్షరాల్లో ఉంటాయి, లాక్ రకం ఒక్క పదంలో ఉంటుంది, బ్యాటరీ కొన్నిసార్లు అసలే ఉండదు. తర్వాత వచ్చే ఇబ్బందులు ఎక్కువగా ఆ రెండింటి దగ్గరే మొదలవుతాయి.

బయట కనిపించే పెట్టె సగమే

గోడకు కనిపించేది రీడర్, కార్డునో వేలినో ముఖాన్నో చదివేది. దాని వెనక తలుపు తీయాలో వద్దో తేల్చే కంట్రోలర్, లాక్, పవర్ సప్లై, బ్యాటరీ, లోపలివైపు ఎగ్జిట్ బటన్, తలుపు మూసుకుందో లేదో చెప్పే చిన్న సెన్సర్ ఉంటాయి. చిన్న ఆఫీసులకు అమ్మే మిషన్లలో రీడర్, కంట్రోలర్ రెండూ ఒకే పెట్టెలో వస్తాయి. చవక, పైగా పూట తిరక్కుండా బిగించేయొచ్చు కాబట్టి అందరూ దాన్నే తీసుకుంటారు.

చిక్కేమిటంటే ఆ పెట్టె తలుపుకు బయటివైపు ఉంటుంది. లాక్‌ను తెరిచే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) దాంట్లోనే ఉంది, లోపలి ఎగ్జిట్ బటన్ వైర్లు కూడా వచ్చి దాంట్లోనే కలుస్తాయి. రాత్రిపూట ఎవరైనా స్క్రూలు విప్పి పెట్టెను గోడ నుంచి ఊడదీసి ఆ రెండు వైర్లు కలిపితే, లోపలి మనిషి బటన్ నొక్కాడనుకుని మిషన్ తలుపు తీసేస్తుంది. వేలిముద్రను ఎంత కచ్చితంగా పట్టుకుంటుంది, ముఖాన్ని ఎన్ని సెకన్లలో గుర్తుపడుతుంది అన్నవి అప్పుడు లెక్కలోకే రావు. దీనికి మందు కూడా తేలికే: కంట్రోలర్ లోపల, రీడర్ మాత్రమే బయట ఉండే సెట్ తీసుకోవాలి, లేదా ఉన్న మిషన్‌కే లోపలివైపు బిగించే సెక్యూరిటీ రిలే మాడ్యూల్ అడగాలి. బడ్జెట్ బొత్తిగా లేదంటే, పెట్టె ఊడదీస్తే మోగే ట్యాంపర్ అలారమైనా ఆన్ చేసి ఉందో లేదో చూసుకోవాలి. కొన్న మిషన్‌లో ఆ సౌకర్యం ఉండి కూడా దాన్ని కలపని ఆఫీసులు ఉంటాయి.

రీడర్‌కూ కంట్రోలర్‌కూ మధ్య నడిచే వైరు సంగతి కూడా ఒకటుంది. 1980ల నుంచి వాడుకలో ఉన్న వీగాండ్ పద్ధతిలో కార్డు నంబరు ఏ రహస్యమూ లేకుండా ఒకవైపే ప్రయాణిస్తుంది. బాగా వాడే 26 బిట్ల రూపంలో 8 బిట్లు సంస్థ కోడ్‌కు, 16 బిట్లు కార్డు నంబరుకు, 2 బిట్లు తప్పులు పట్టడానికి పోతాయి. అంటే సంస్థ కోడ్‌లు 256, కార్డు నంబర్లు 65,536, అంతే. కొత్త పద్ధతి ఓఎస్‌డీపీ రెండువైపులా మాట్లాడుతుంది, ఏఈఎస్-128 అనే గట్టి గూఢలిపి రక్షణ ఉంటుంది, 2020లో అంతర్జాతీయ ప్రమాణంగా కూడా వచ్చింది. అయితే ఇరవై సీట్ల ఆఫీసు వైరును మధ్యలో కోసి నంబర్లు దొంగిలించేంత శ్రమ పడేవాళ్లు అరుదు. పెట్టెను ఊడదీసే ప్రమాదం దగ్గరిది, దానికి ముందు డబ్బు పెట్టాలి.

కరెంటు పోతే లాక్ ఏం చేస్తుంది

గాజు తలుపులకు ఎక్కువగా వేసేది ఈఎం లాక్, అంటే విద్యుదయస్కాంతం. కరెంటు ఉన్నంతసేపు ఇనుప పలకను పట్టుకుని ఉంటుంది, పోతే వదిలేస్తుంది. చిన్న ఆఫీసుల్లో కనిపించేది 600 పౌండ్ల రకం, అంటే సుమారు 270 కిలోల బలం. 1200 పౌండ్లది దానికి రెట్టింపు. ఇలా కరెంటు పోతే తెరుచుకునేదాన్ని ఫెయిల్ సేఫ్ అంటారు. రెండో రకం ఫెయిల్ సెక్యూర్, కరెంటు పోయినా బయటివైపు తాళం పడే ఉంటుంది. ఎలక్ట్రిక్ స్ట్రైక్‌లలో (తలుపు ఫ్రేములో బిగించి, తాళం నాలుకను పట్టుకుని ఉండేవి) ఈ రకం దొరుకుతుంది, లోపలివైపు మామూలు హ్యాండిల్ తిప్పితే ఎప్పుడైనా తెరుచుకుంటుంది.

600 పౌండ్ల లాక్ 12 వోల్టుల దగ్గర సుమారు అర ఆంపియర్ తీసుకుంటుంది, అదీ ఇరవైనాలుగు గంటలూ. కార్డు రీడర్, కంట్రోలర్ కలిపి ఇంకో 0.3 ఆంపియర్ అనుకుంటే మొత్తం 0.8. మామూలుగా ఇచ్చే బ్యాటరీ 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్‌ది. కాగితం మీద దాదాపు 8 గంటల 45 నిమిషాలు రావాలి. కొత్త బ్యాటరీ కూడా అంత ఇవ్వదు, ఆరేడు గంటలు వస్తే బాగా వచ్చినట్టు. ఆ రెండింటి స్థానంలో పెద్ద తెర ఉన్న ఫేస్ మిషన్ పెడితే అదొక్కటే ఒక ఆంపియర్ దాకా లాగొచ్చు, అప్పుడు మొత్తం 1.5 అయి బ్యాటరీ సమయం దాదాపు సగానికి పడిపోతుంది.

దీని మీద మన ఎండలు. సీల్డ్ లెడ్-యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు, ఆపైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగానికి సగం తగ్గుతుందన్నది ఆ రంగంలో వాడే మోటు లెక్క. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురాల్లో 40 దాటడం మామూలే. ఇక పై అంతస్తు కప్పు కింద, గాలి ఆడని చెక్క డబ్బాలో, రోజంతా వేడిగా ఉండే పవర్ సప్లై పక్కన పెట్టిన బ్యాటరీ పరిస్థితి చెప్పనక్కర్లేదు. రెండు వేసవులు గడిచాక ఆరు గంటలు రావాల్సింది గంటో రెండు గంటలో వచ్చి ఆగిపోతుంది, అదీ కరెంటు పోయిన రోజు రాత్రే బయటపడుతుంది. అర్ధరాత్రి లోపల ఎవరూ లేనప్పుడు బ్యాటరీ అయిపోతే ఈఎం లాక్ తలుపును వదిలేస్తుంది, నలభై కంప్యూటర్లున్న హాలు తెల్లారిందాకా తీసే ఉంటుంది.

ఇన్వర్టర్ ఉంది కదా అని దీన్ని వదిలేసేవాళ్లున్నారు. ఇన్వర్టర్ మీదికి మారే ఆ క్షణంలో కొన్ని మిషన్లు రీస్టార్ట్ అవుతాయి, ఆ నిమిషంలోపు తలుపు తీసి ఉంటుంది. బ్యాటరీ ఉన్న పవర్ సప్లైకి ఇన్వర్టర్ లైను ఇస్తే రెండూ ఒకదానికొకటి తోడు. ఇన్వర్టర్ ఒక్కటే చాలదు.

ఆఫీసు రాత్రి మూసేది అయితే ఇంకో తేలిక దారి ఉంది. చివరి మనిషి వెళ్లాక మామూలు తాళం కూడా వేసేయడం. ఇరవైనాలుగు గంటల ఆఫీసులో ఇది పనికిరాదు, లోపల ఒక్క మనిషి ఉన్నా బయటి నుంచి తాళం వేయకూడదు. అలాంటి చోట చెక్క తలుపు గానీ అల్యూమినియం ఫ్రేము తలుపు గానీ పెట్టించుకుని, లోపల హ్యాండిల్ ఉండే ఫెయిల్ సెక్యూర్ లాక్ వేయించడమే మేలు. 12 మి.మీ. గాజు పలక తలుపు అందంగా ఉంటుంది, కాదనలేం, కానీ ఫ్రేము లేని గాజుకు ఈ లాక్ బిగించడం కష్టం. తలుపు రకం ఖాయం చేసేరోజే లాక్ రకం కూడా ఖాయమైపోతుంది, ఇంటీరియర్ పని అయ్యాక లాక్ గురించి ఆలోచిస్తే ఈఎం లాక్ తప్ప వేరే దారి మిగలదు.

గాజు తలుపులకే వాడే డ్రాప్ బోల్ట్ అని ఇంకొకటి ఉంది, కడ్డీ కిందికి దిగి రంధ్రంలో పడుతుంది. తలుపును మూసే నేలలోని ఫ్లోర్ స్ప్రింగ్ కాస్త వదులైనా తలుపు రెండు మి.మీ. పక్కకు ఆగుతుంది, కడ్డీ దిగదు, మిషన్ మాత్రం లాక్ అయినట్టే చూపిస్తుంది. అంతకంటే ముఖ్యం, గాబరాలో మనుషులు తలుపును తోస్తూ ఉంటే ఆ ఒత్తిడికి కడ్డీ బిగుసుకుని పైకి లేవకపోవచ్చు. ఈఎం లాక్‌లో అలాంటి ఇబ్బంది లేదు, కరెంటు ఆగితే ఎంత తోపులాటలోనైనా వదిలేస్తుంది.

లోపలికి రానివ్వడం కంటే బయటికి పోనివ్వడం ముందు

2024 జూలై 27న ఢిల్లీ రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాననీళ్లు వచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. కరెంటు పోవడంతో బయోమెట్రిక్ గేటు పనిచేయలేదని అప్పుడు తోటి విద్యార్థులు ఆరోపించారు. దోషం ఎవరిదన్నది దర్యాప్తు చూసుకునే విషయం. ఉమ్మడి హాలు నడిపే ప్రతివాళ్లూ తమ తలుపు గురించి వేసుకోవాల్సిన ప్రశ్న మాత్రం అక్కడే ఉంది: వైర్లు తడిసినా, మిషన్ ఆగిపోయినా, రిసెప్షన్‌లో ఎవరూ లేకపోయినా లోపలి మనిషి తన చేత్తో తలుపు తీసుకోగలగాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 చెప్పేది కూడా ఇదే, బయటికి దారిచ్చే తలుపు లోపలి నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలి.

ఎగ్జిట్ బటన్ ఉంది కదా అంటారు. మామూలు ఎగ్జిట్ బటన్, చెయ్యి చూపిస్తే పనిచేసే సెన్సర్ బటన్ రెండూ కంట్రోలర్‌ను అడుగుతాయి, కంట్రోలర్ లాక్‌కు చెబుతుంది. కంట్రోలర్ హ్యాంగ్ అయి, లాక్‌కు కరెంటు మాత్రం వస్తూ ఉంటే ఎన్నిసార్లు నొక్కినా తలుపు కదలదు. అందుకే ఈఎం లాక్ ఉన్న ప్రతి తలుపుకూ లోపలివైపు ఆకుపచ్చ ఎమర్జెన్సీ రిలీజ్ పెట్టె ఉండాలి. గోడకు పెట్టె తగిలించి ఉంటే సరిపోదు, దాని వైరింగ్ ఎలా ఉందన్నది అసలు సంగతి. లాక్‌కు వెళ్లే పవర్ వైరు ఆ పెట్టె గుండా వెళ్లాలి, నొక్కగానే ఏ మిషన్‌నూ అడక్కుండా లాక్‌కు కరెంటు తెగిపోవాలి. బిగించేవాళ్లు తొందరలో దాన్ని కూడా ఎగ్జిట్ బటన్‌తో పాటే కంట్రోలర్‌కు కలిపేస్తే అది రంగు మార్చిన ఎగ్జిట్ బటన్ అవుతుంది, అంతకు మించి ఏమీ కాదు. భవనంలో ఫైర్ అలారం ఉంటే దాని రిలే కూడా ఇలాగే లాక్ పవర్‌ను కోసేలా కలపాలి.

ఇక షట్టర్. మన ఊళ్లలో ఇలాంటి ఆఫీసులు ఎక్కువగా షాపింగ్ కాంప్లెక్సుల రెండో అంతస్తులో, మూడో అంతస్తులో ఉంటాయి. పైన తలుపుకు ఫేస్ మిషన్, ఎమర్జెన్సీ పెట్టె అన్నీ సక్రమంగా ఉంటాయి. కింద మెట్ల దగ్గర భవన యజమాని మనిషి రాత్రి పదికి షట్టర్ దించి బయటినుంచి తాళం వేసి ఇంటికి వెళ్లిపోతాడు. పైన నైట్ షిఫ్ట్‌లో ఉన్న నలుగురికి ఆ తలుపు తెరుచుకున్నా ఒకటే, తెరుచుకోకపోయినా ఒకటే. ఇరవైనాలుగు గంటలు తీసి ఉంటుందని బోర్డు పెట్టేముందు అద్దె అగ్రిమెంటులోనే కింది షట్టర్ సంగతి రాయించుకోవాలి. వాచ్‌మన్ రాత్రంతా కిందే ఉంటాడా, షట్టర్‌కు పక్కన లోపలి నుంచి తీసుకునే చిన్న గేటు ఉందా, రెండో మెట్లదారి సామానుతో మూసుకుపోయి ఉందా. ఈ మూడింటికీ సరైన జవాబు లేకపోతే నైట్ షిఫ్ట్ సీట్లు అమ్మకూడదు.

కార్డు, వేలు, ముఖం, ఫోను

అన్నిటికంటే చవక 125 కిలోహెర్ట్జ్ కార్డు. చాలాచోట్ల తెల్లగా మందంగా ఉండే కార్డు గానీ నీలిరంగు కీచైన్ బిళ్ల గానీ ఇదే. రీడర్ దగ్గరికి రాగానే తన నంబరు చెప్పేస్తుంది, ఎవరు అడుగుతున్నారో చూడదు. దాన్ని కాపీ తీసే చేతి మిషన్లు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి, క్షణాల్లో ఇంకో కార్డు తయారవుతుంది.

దాని మీది మెట్టు 13.56 మెగాహెర్ట్జ్ కార్డులు. వీటిలో బాగా పేరున్న మైఫేర్ క్లాసిక్ 1994 నుంచి ఉంది. దాని లోపలి గూఢలిపిని 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఛేదించారు. ఆ వివరాలు ప్రచురించకుండా ఆపమని తయారీ కంపెనీ కోర్టుకు వెళ్తే కోర్టు ఒప్పుకోలేదు. అంత జరిగాక కూడా ఆ కార్డులు ఇవాళ్టికీ అమ్ముడవుతున్నాయి. ఏఈఎస్ రక్షణ ఉన్న డెస్‌ఫైర్ ఈవీ2, ఈవీ3 కార్డులు తీసుకుంటే కాపీ భయం దాదాపు ఉండదు. ఒక్కటి గమనించాలి, కార్డు డెస్‌ఫైర్‌ది కొని రీడర్‌ను కేవలం కార్డు నంబరు చదివేలా సెట్ చేస్తే ఆ రక్షణ వాడుకున్నట్టు కాదు, డబ్బు పెట్టి పాత కార్డు కొన్నట్టే. షాపులో అడగాల్సిన ప్రశ్న ఇదీ: రీడర్ కార్డు లోపలి రహస్య కీని సరిచూస్తుందా, లేక నంబరు మాత్రమే చదువుతుందా?

వేలిముద్ర సంగతి రేషన్ షాపు ముందు నిలబడ్డ ఎవరికైనా తెలుసు. ముద్ర పడదు, వేలు తుడుచుకుని మళ్లీ పెడతారు, ఇంకో వేలు పెడతారు. కష్టం చేసే చేతుల్లో గీతలు అరిగిపోతాయి, చలికాలం చర్మం పొడిబారుతుంది, సెన్సర్ మీద దుమ్ము చేరుతుంది. ఆఫీసులో కూడా అదే, ఇంజనీర్లకు ముద్ర మొదటిసారే పడుతుంది, రోజూ ఫినాయిలు, సబ్బునీళ్లలో చేతులు పెట్టే హౌస్‌కీపింగ్ అమ్మకు పడదు. అందరికంటే ముందొచ్చి తలుపు తీయాల్సింది ఆమే. సున్నితత్వం తగ్గించి ఆమెను రానిస్తే, ఎవరి వేలైనా పొరపాటున సరిపోయే అవకాశం కూడా అంతమేరకు పెరుగుతుంది. ఆమెకు కార్డు ఇవ్వడమే సరైన పని.

ఫేస్ మిషన్లు కోవిడ్ తర్వాత బాగా పెరిగాయి, ముట్టుకోనక్కర్లేదు, చేతిలో బ్యాగులున్నా పనవుతుంది. మామూలు కెమెరా ఒక్కటే ఉన్న చవక రకాలు ఫోటోకు మోసపోయే ప్రమాదం ఉంది, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కూడా ఉన్నవి చాలా నయం. పడమటి వైపు తలుపైతే సాయంత్రం నాలుగు గంటల ఎండ నేరుగా కెమెరాలో పడి మిషన్ తికమక పడుతుంది, పైన చిన్న నీడ కట్టించాలి. కొనేముందు అదే గోడ దగ్గర, అదే ఎండలో ఒకసారి పెట్టి చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఫోనుతో తెరిచే పద్ధతి ఒకటి రెండు రోజులకు వచ్చిపోయేవాళ్లకు చాలా అనువు. కార్డు ఇవ్వక్కర్లేదు, తిరిగి తీసుకోనక్కర్లేదు. మారని క్యూఆర్ కోడ్ మాత్రం వద్దు, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపితే ఎవరైనా వచ్చేస్తారు. కొన్ని సెకన్లకోసారి మారే కోడ్ కావాలి. క్యూఆర్ విషయంలోనే 2024 జూన్‌లో సైబర్ భద్రతా కంపెనీ కాస్పర్‌స్కీ పరిశోధకులు ఒక హెచ్చరిక చేశారు. ప్రపంచమంతా రకరకాల పేర్లతో అమ్ముడయ్యే ఒక బయోమెట్రిక్ మిషన్‌లో 24 లోపాలు దొరికాయి, వాటిలో ఒకటి ప్రత్యేకంగా తయారుచేసిన క్యూఆర్ కోడ్ చూపిస్తే మిషన్ లోపలి డేటాబేస్‌ను బోల్తా కొట్టించి తలుపు తెరిపించేది. ఫర్మ్‌వేర్ (మిషన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు వస్తాయా, ఎవరు వేస్తారు అని అడగడం అందుకే అవసరం. మిషన్‌ను ఆఫీసు వైఫై మీద కాకుండా వేరే నెట్‌వర్క్ మీద పెట్టించాలి.

ముద్రలు ఎవరి దగ్గరుంటాయి

కార్డు పోతే ఇంకోటి ఇస్తారు, వేలిముద్ర బయటికి పోతే ఇంకో వేలు తెచ్చుకోలేరు. 2011 నాటి ఐటీ నిబంధనల్లోనే బయోమెట్రిక్ వివరాలను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా చెప్పారు. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నిబంధనలు నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలు అమలుకు 18 నెలల గడువిచ్చారు. సమాచారానికి తగిన భద్రత కల్పించకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చని చట్టం చెబుతోంది.

కంపెనీ తన ఉద్యోగుల సమాచారాన్ని ఉద్యోగ అవసరాలకు వాడుకోవడానికి ఆ చట్టంలో కొంత వెసులుబాటు ఉంది. కో-వర్కింగ్ నడిపేవాళ్లకు సీటు తీసుకున్నవాళ్లు ఉద్యోగులు కారు, కస్టమర్లు. కాబట్టి ఆ వెసులుబాటు మీద ఆధారపడలేరు, స్పష్టమైన నోటీసు ఇచ్చి సమ్మతి తీసుకోవాలి. సమ్మతి ఇష్టపూర్వకంగా ఉండాలంటే ముఖం, వేలు ఇవ్వననే మనిషికి కార్డు దారి ఉండాలి. ఖాళీ చేశాక ముద్ర తీసేయాలి. ఈ లెక్కన చిన్న ఆఫీసులకు కార్డే తలనొప్పి తక్కువ. బయోమెట్రిక్ తప్పనిసరి అనుకునేవాళ్లు ముద్రల డేటా మిషన్‌లో ఉంటుందా, విక్రేత సర్వర్‌కు పోతుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి.

తలుపుకు అడ్డంపెట్టిన వాటర్ క్యాన్

పొద్దున పదకొండుకు టీ అబ్బాయి వస్తాడు, తర్వాత కొరియరు, తర్వాత వాటర్ క్యాన్లు. ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి తలుపు తీయాలి. రెండో రోజుకు విసుగొస్తుంది, మూడో రోజుకు ఇరవై లీటర్ల ఖాళీ క్యాన్ ఒకటి తలుపుకు అడ్డంగా నిలబడుతుంది. వేలు ఖర్చుపెట్టిన సిస్టమ్ ఆ క్యాన్ దగ్గర ఆగిపోతుంది. వాడేవాళ్లను తిట్టి లాభం లేదు, రోజూ వచ్చే మనుషుల్ని లెక్కలో వేసుకోకుండా తలుపు పెట్టడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. టీ అబ్బాయికి పగటి వేళల్లో మాత్రమే పనిచేసే కార్డు ఇవ్వొచ్చు. రిసెప్షన్ టేబుల్ దగ్గర తలుపు తీసే బటన్ పెట్టొచ్చు. బాత్రూములు తలుపు బయట వరండాలో ఉంటే (పాత కాంప్లెక్సుల్లో ఇది మామూలే) ఫోను టేబుల్ మీద వదిలి వెళ్లినవాళ్లు తిరిగి లోపలికి రావడానికి తంటాలు పడతారు, అక్కడ ఫోను ఒక్కదాని మీదే ఆధారపడే పద్ధతి పెట్టకూడదు. తలుపు అర నిమిషం మించి తీసి ఉంటే కూతపెట్టే సౌకర్యం దాదాపు అన్ని కంట్రోలర్లలో ఉంటుంది, డోర్ సెన్సర్ వేస్తేనే అది పనిచేస్తుంది, కొటేషన్‌లో తరచూ వదిలేసేది కూడా ఆ చిన్న సెన్సర్‌నే.

ఒకరి వెనక ఒకరు దూరిపోవడాన్ని ఏ రీడరూ ఆపలేదు. వెనక వస్తున్న మనిషి ముఖం మీద తలుపు వేయడం ఎవరికీ మనసొప్పదు. పగలు రిసెప్షన్, రాత్రి కెమెరా, అంతవరకే. ఒకే కార్డుతో ఇద్దరు రాకుండా యాంటీ-పాస్‌బ్యాక్ పెడతామని కొందరు చెబుతారు. అది పనిచేయాలంటే బయటికి పోయేటప్పుడు కూడా కార్డు చూపించాలి, అంటే లోపల కూడా రీడర్. అది పెట్టినా ఎమర్జెన్సీ రిలీజ్ తీయకూడదు, తప్పు జరిగితే రిపోర్టులో నమోదు చేసేలా పెట్టుకోవాలి తప్ప తలుపు బిగించేసేలా కాదు.

ఖాళీ చేసినవాళ్ల కార్డు

కో-వర్కింగ్‌కూ సొంత ఆఫీసుకూ పెద్ద తేడా ఇక్కడుంది. ఇక్కడ మనుషులు నెలనెలా మారతారు. కంప్యూటర్‌కు కలపని మిషన్‌లో ఒక్కొక్కరినీ మిషన్ దగ్గర నిలబడి తీసేయాలి, మూడు తలుపులుంటే మూడుసార్లు. ఎవరూ చేయరు. అందుకని ప్రతి కార్డుకూ గడువు తేదీ పెట్టే సౌకర్యం తప్పనిసరిగా చూడాలి. నెల డబ్బు కట్టగానే గడువు జరుగుతుంది, కట్టకపోతే తనంతట తనే ఆగుతుంది, ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు.

క్లౌడ్ సాఫ్ట్‌వేర్ దీన్ని ఇంకా తేలిక చేస్తుంది, బెంగళూరులో ఉండి కూడా కడపలో తలుపు సంగతి చూసుకోవచ్చు. ఏటా చందా ఉంటుంది, అది ఆగితే ఏ పనులు ఆగుతాయో ముందే తెలుసుకోవాలి. రోడ్డు తవ్వినప్పుడల్లా ఫైబర్ తెగే ఊళ్లలో ఇంటర్నెట్ లేకపోయినా పాత కార్డులతో తలుపు తెరుచుకోవాలి, అంటే పేర్ల జాబితా కంట్రోలర్‌లోనే ఉండాలి. ఇంటర్నెట్ తిరిగొచ్చేదాకా కొత్తగా తీసేసిన కార్డు మాత్రం పనిచేస్తూనే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ఎంత ఆఫీసుకు ఏది

ఒకే తలుపు, పాతిక సీట్లు, రాత్రి మూసేసే చోటైతే డెస్‌ఫైర్ కార్డు రీడర్, లోపల కంట్రోలర్, 600 పౌండ్ల ఈఎం లాక్, మంచి బ్యాటరీ, ఆకుపచ్చ పెట్టె, రాత్రికి మామూలు తాళం. ఫేస్ మిషన్‌కు పెట్టే అదనపు డబ్బు బ్యాటరీ మీద, డోర్ సెన్సర్ మీద పెడితే ఎక్కువ ఫలితం. యాభై అరవై సీట్లు, లోపల విడి క్యాబిన్లు, వేర్వేరు కంపెనీలు ఉంటే నెట్‌వర్క్ కంట్రోలర్, సాఫ్ట్‌వేర్ తప్పవు, క్యాబిన్ తలుపులకు మాత్రం చవక స్ట్రైక్‌లు చాలు. ఇరవైనాలుగు గంటలు నడిచేదైతే ముందు చెప్పినట్టు ఫ్రేము తలుపు, ఫెయిల్ సెక్యూర్ లాక్. కర్నూలులో పల్లపు ప్రాంతాల గ్రౌండ్ ఫ్లోర్ అయితే కంట్రోలర్, బ్యాటరీ డబ్బా నేల దగ్గర కాకుండా తలుపు పైఎత్తున బిగించాలి, 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి ఎలా వచ్చాయో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

మిగతా డబ్బు ఇచ్చేముందు

బిగించినరోజు అందరూ చూసేది తలుపు తెరుచుకుందా అని. తెరుచుకుంటుంది. చూడాల్సినవి వేరు. మెయిన్ ఎంసీబీ దించి లాక్ పట్టుకునే ఉందా చూడాలి, అలాగే వదిలేసి ఎన్ని గంటలకు వదులుతుందో రాసుకోవాలి. ఏటా మార్చిలో, ఎండలు ముదరకముందే, ఇదే పరీక్ష మళ్లీ చేసి అంకె బాగా తగ్గితే బ్యాటరీ మార్చాలి. ఇంటర్నెట్ వైరు పీకి కార్డు పెట్టాలి. కంట్రోలర్‌ను ఆపి, లాక్‌కు మాత్రం కరెంటు ఉంచి ఆకుపచ్చ పెట్టె నొక్కాలి, తలుపు తెరుచుకోకపోతే వైరింగ్ మార్పించాలి. ఒక కార్డు తీసేసి అన్ని తలుపుల దగ్గరా పెట్టి చూడాలి. ఈఎం లాక్ ఇనుప పలకను చేత్తో కదిపితే కాస్త ఊగాలి, రబ్బరు వాషర్ మీద కదిలేలా ఉంటేనే అయస్కాంతానికి సమంగా అతుక్కుంటుంది, గట్టిగా బిగించేస్తే 270 కిలోల బలం కాగితం మీదే మిగులుతుంది.

ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అక్కడికక్కడే మార్చాలి. అది మార్చకపోతే ఆ మోడల్ తెలిసిన ప్రతివాడికీ అడ్మిన్ మెనూ తెలిసినట్టే. బిగించినవాళ్ల ఫోన్‌లో ఉన్న అడ్మిన్ లాగిన్‌ను ఆఫీసు పేరు మీదికి మార్పించుకోవాలి, సర్వీసుకు వచ్చినప్పుడు మాత్రమే పనిచేసే వేరే లాగిన్ వాళ్లకు ఇవ్వొచ్చు. ఏ వైరు ఎక్కడికి పోతుందో చూపించే బొమ్మ ఒక కాగితం మీద గీయించి బ్యాటరీ డబ్బా మూత లోపల అంటించాలి, రేపు వేరే మెకానిక్ వచ్చినా గోడ పగలగొట్టకుండా పనవుతుంది.